నాలుగు పేజీల వార్తాలేఖ: మా పింఛనుదారుల సంఘంలో నా అనుభవం

2023 జనవరిలో ఒక ఉదయం, రైల్వేలో పనిచేసి విరమించిన ఒక సభ్యుడు బ్యాంకు పాసుపుస్తకం చేతపట్టుకొని మా విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యాలయం మెట్లెక్కి వచ్చారు. డిసెంబరు పింఛను ఆయన ఖాతాలో జమ కాలేదు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ (తాము బతికే ఉన్నట్టు తెలిపే పత్రం) అందకపోవడమే కారణమని బ్యాంకులో చెప్పారట. ఆయన కూర్చున్న కుర్చీకి మూరెడు దూరంలోని నోటీసు బోర్డు మీద ఆ సంగతి అక్టోబరు నుంచీ అంటించే ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల ఎనిమిది నెలలుగా మా మెట్లు ఎక్కలేకపోయిన మనిషికి బోర్డు మీద ఏముంటే ఏం లాభం? సర్టిఫికెట్ ఇచ్చాక ఆగిన డబ్బు బకాయితో సహా వచ్చింది గాని, ఆ నెలంతా మందుల దుకాణంలో అప్పు పెట్టవలసి వచ్చిందని ఆయన అన్న మాట ఫిబ్రవరిలో జరిగిన సర్వసభ్య సమావేశం దాకా వెళ్లింది. సంఘానికి ఒక వార్తాలేఖ ఉండాలని అక్కడ తీర్మానించారు. నేను తపాలా శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి, జీవితమంతా ఉత్తరాలు పంచినవాడికి ఉత్తరం రాయడం కూడా వచ్చే ఉంటుందన్న తర్కంతో ఆ పని నాకు అప్పగించారు.

మాది కృష్ణా డెల్టాలో ఒక పట్టణం. సభ్యులు నాలుగు వందల పైచిలుకు. రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసినవారే ఎక్కువ. వారి తర్వాత రైల్వే, తపాలా, టెలికాం వంటి కేంద్ర శాఖలవారు. కొద్దిమంది ఈపీఎస్–95 (ఉద్యోగుల పింఛను పథకం, 1995) పింఛనుదారులు. సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ఇలాంటి పత్రికలు మూడో సంచిక చూడకుండానే ఆగిపోతాయని హెచ్చరించారు. దానికి గ్రంథాలయాధికారిగా పనిచేసిన మరొకరు, 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి మరుసటి ఏడాదే అయ్యంకి వెంకటరమణయ్య గారు 'గ్రంథాలయ సర్వస్వం' అనే పత్రికను తెచ్చారనీ, సంఘానికి పత్రిక ఆడంబరం కాదనీ బదులిచ్చారు. ఆ మాటకు చప్పట్లు గట్టిగానే మోగాయి. ఆయన చెప్పిన పోలిక నాకు తలకెక్కి, మొదటి సంచికను పాడు చేసింది కూడా అదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

ఉగాదికి వెలువడిన ఆ సంచికలో ఎనిమిది పేజీలు ఉన్నాయి. మొదటి పేజీలో అధ్యక్షులవారి సందేశం, దాని కింద ఆయన ఫొటో. రెండో పేజీలో కార్యదర్శి నివేదిక. మధ్య రెండు పేజీల్లో సన్మానాల ఫొటోలు. ఆ ఫొటోల్లో ఎవరు ఎవరికి శాలువా కప్పుతున్నారో కప్పినవారికి, కప్పించుకున్నవారికి తప్ప ఇతరులకు తెలిసే అవకాశం లేదు. మిగతా చోటంతా కవితలు. వార్తాలేఖ పెట్టడానికి కారణమైన లైఫ్ సర్టిఫికెట్ ఊసు ఏడో పేజీలో, ఆరోగ్య సూత్రాల కింద, నాలుగు పంక్తుల్లో ఉంది. సంచిక పంపిన పది రోజులకు ఒక పాత సహోద్యోగి ఇంటికి వెళ్లాను. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, అలమరలో ఊరగాయ జాడీ కింద మా వార్తాలేఖ పరిచి ఉంది. చిరునామా చీటీ కూడా చింపలేదు. ఆ ఇంటి ఇల్లాలు నొచ్చుకోబోతే నేనే వద్దన్నాను. ఆ కాగితం ఆ ఇంట్లో ఎవరికైనా పనికివచ్చిందంటే అది ఆ జాడీకే.

రెండో సంచిక ఆపి, నెల రోజులు ఫోన్లు చేశాను. అభిప్రాయ సేకరణ పత్రం ఒకటి అచ్చు వేయించి పంపుదామని కార్యదర్శి అన్నారు గాని, వార్తాలేఖనే విప్పనివారు ఆ పత్రం నింపి తిరిగి పంపుతారన్న నమ్మకం నాకు కలగలేదు. సభ్యుల పట్టికలో అక్కడొక పేరు, ఇక్కడొక పేరు చొప్పున ముప్పై మందికి ఫోన్ చేసి, వార్తాలేఖ ఎలా ఉందని అడగకుండా, "ఈ ఏడాదిలో పింఛను విషయంగా మీరు ఎవరినైనా ఏమైనా అడగవలసి వచ్చిందా?" అని మాత్రమే అడిగాను. ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు, మర్యాదస్తులు. ఈ ప్రశ్నకు మాత్రం ఒక్కొక్కరు పావుగంట మాట్లాడారు. వేలిముద్రలు పడడం లేదని ఒకరు, పింఛను ఎంత పెరిగిందో బ్యాంకు మెసేజీ చూసి లెక్క తేల్చుకోలేకపోతున్నానని ఒకరు చెప్పారు. మెడికల్ బిల్లుకు ఏ కాగితాలు జతచేయాలో అడిగినవారూ ఉన్నారు. చాలా ఇళ్లలో ఫోన్ ఎత్తింది భార్యలు. వారిలో ఒకామె, "ఆయనకు ఏమన్నా అయితే నేను ఎక్కడికి వెళ్లాలో ఎప్పుడూ చెప్పరండీ, అడిగితే అశుభం అంటారు" అని గొంతు తగ్గించి చెప్పారు. నోటు పుస్తకంలో నేను రాసుకున్న ముప్పై జవాబుల్లో అధ్యక్షుల సందేశం కావాలన్నవారు ఒక్కరూ లేరు. ఆ సంగతి అధ్యక్షులవారికి చెప్పడానికి నాకు ఇంకో పదిహేను రోజులు పట్టింది.

ఆ నోటు పుస్తకం నుంచే పేజీల పంపకం పుట్టింది. మొత్తం నాలుగు పేజీలు, ఒక ఏ3 కాగితం మధ్యకు మడిచినది. మొదటి పేజీ శీర్షిక 'ఈ రెండు నెలల్లో చేయవలసినవి'. రెండో పేజీ కొత్త ఉత్తర్వుల అర్థం. మూడో పేజీ 'ఇంట్లోవారి కోసం'. నాలుగో పేజీలో సంఘం కబుర్లు, మరణ వార్తలు, ఫొటోలు. దీనికి కార్యవర్గంలో గట్టి చర్చే జరిగింది. "అన్నయ్యా, పేపర్లో ఫొటో పడకపోతే శాలువా కప్పించుకున్నవాడికి ఏం మిగులుతుంది?" అని కోశాధికారి సూటిగా అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఎనభై ఏళ్లు నిండిన సభ్యుడికి ఆ సన్మానం చిన్న విషయమేమీ కాదు. చివరికి సంచికకు ఒక్క ఫొటో, అందులోని ప్రతి ముఖమూ గుర్తుపట్టేంత పెద్దదిగా, కింద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లతో వేసేటట్టు రాజీ కుదిరింది. అధ్యక్షులవారి సందేశానికి బదులు ఆయన కలెక్టరు కార్యాలయంలో ఏ సమస్య మీద ఎవరిని కలిశారో, ఏం జవాబు వచ్చిందో నాలుగు వాక్యాల్లో రాస్తానన్నాను. ఆయన మొదట ముభావంగా ఉన్నారు గాని, ఆ నాలుగు వాక్యాలు చదివి ఇద్దరు సభ్యులు ఫోన్ చేసి మెచ్చుకున్నాక ఆ ప్రస్తావన మళ్లీ తేలేదు.

మొదటి పేజీ రాయడమే అన్నిటికంటే కష్టమని త్వరలోనే తెలిసింది. లైఫ్ సర్టిఫికెట్ సంగతే తీసుకుంటే, మా సభ్యులందరికీ ఒకే నియమం వర్తించదు. కేంద్ర పింఛనుదారులకు నవంబరు. వారిలో ఎనభై ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఈపీఎస్ వారు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన నాటి నుంచి ఏడాది పాటు అది చెల్లుతుంది. రాష్ట్ర పింఛనుదారులు ఖజానా శాఖ ఉత్తర్వులోని గడువును చూసుకోవాలి. ఇవన్నీ ఒకే పేరాలో రాసి ముగ్గురికి చదివి వినిపిస్తే ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు. అందువల్ల పేజీని మూడు గళ్లుగా విభజించి, ప్రతి గడి పైన అది ఎవరి కోసమో, ఉదాహరణకు 'మీరు రైల్వే, తపాలా, టెలికాం వంటి కేంద్ర శాఖల్లో పనిచేశారా? ఇది మీకు' అని పెద్ద అక్షరాల్లో పెట్టాము. ఆ గడిలో ఎప్పటిలోగా, ఎక్కడ, ఏ కాగితాలతో అన్న మూడు సంగతులు తప్ప మరేమీ ఉండవు. డిజిటల్ పద్ధతి 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' పేరుతో మొదలైనా, మా సభ్యుల్లో చాలామంది దాని జోలికి వెళ్లకపోవడానికి కారణం వేళ్ల రేఖలు అరిగిపోయి యంత్రం పట్టకపోవడమే. ముఖం చూపి ఆధార్‌తో సరిపోల్చుకునే సదుపాయం 2021 నుంచి ఉందనీ, దానికి మనవడి ఫోన్ అయినా సరిపోతుందనీ, అదీ కుదరకపోతే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి రూ.70 రుసుముతో పని పూర్తిచేస్తాడనీ 2023 అక్టోబరు సంచికలో రాశాము. డిజిటల్ సర్టిఫికెట్‌కు ఇచ్చే ప్రమాణ్ ఐడీ నంబరు మెసేజీ వచ్చినంత మాత్రాన సర్టిఫికెట్‌ను బ్యాంకు అంగీకరించినట్లు కాదన్న వాక్యాన్ని చుట్టూ గీత గీయించి మరీ వేయించాను, ఎందుకంటే వివరాల్లో తేడా ఉంటే ఆ తర్వాత కూడా తిరస్కరించే అవకాశం ఉంది.

రెండో పేజీలో ఉత్తర్వుల భాషను ఇంటి భాషలోకి తేవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ 'పైన పేర్కొన్న విషయమునకు సంబంధించి' అని రాసిన చెయ్యి ఆ అలవాటును వెంటనే మానలేదు. లెక్క చూపితే గాని పాఠకుడు నమ్మడని ఒక సంచికతో తెలిసింది. 2024 అక్టోబరులో కేంద్రం, ధరల పెరుగుదలకు తగ్గట్టు పింఛనుదారులకు ఇచ్చే కరువు భృతి అయిన డీఆర్‌ను 50 శాతం నుంచి 53 శాతానికి పెంచి, జులై 1 నుంచి వర్తింపజేసింది. ఇంతవరకు అన్ని పత్రికలూ రాశాయి. మేము దాని కింద, 'మీ మూల పింఛను రూ.20,000 అయితే నెలకు రూ.600 పెరుగుతుంది, జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల బకాయి రూ.1,800' అని చేర్చి, పక్కన ఒక ఖాళీ గడి ఇచ్చి, 'మీ మూల పింఛను ఇక్కడ రాసి 3తో హెచ్చించి 100తో భాగించండి' అని రాశాము. ఆ సంచిక వెళ్లాక, ఖాళీ గడిలో పెన్నుతో వేసిన లెక్కను తెచ్చి, తన బ్యాంకు జమలో తేడా ఉందని ఒకరు మా కార్యాలయంలో చూపించారు. బ్యాంకు కాగితాలతో పోల్చి చూస్తే ఆయన కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకోవడం) మినహాయించిన మొత్తం మీద లెక్క కట్టారు. డీఆర్ లెక్కకు కమ్యుటేషన్‌కు ముందున్న పూర్తి మూల పింఛను తీసుకోవాలి. ఆ మాట మేము రాయకపోవడం మా లోపమే. తర్వాతి సంచికలో దాన్ని మొదటి వాక్యంగా వేశాము.

అచ్చు సంగతికి వస్తే, మా ఊరి డీటీపీ కేంద్రంలో పేజీలు కట్టడానికి పాతకాలపు పేజ్‌మేకర్, అను ఫాంట్లు తప్ప మరొకటి వాడరు. సభ్యులు వాట్సాప్‌లో పంపే యూనికోడ్ (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే అక్షర పద్ధతి) తెలుగును పేజ్‌మేకర్‌లో అతికిస్తే ప్రశ్నార్థక చిహ్నాల వరస తప్ప ఏమీ రాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది, దానికి యూనికోడ్ తెలియదు. అందువల్ల ప్రతి వ్యాసాన్నీ మొదటి నుంచీ మళ్లీ టైపు చేసేవారు, ప్రతిసారీ కొత్త తప్పులు పుట్టేవి. పోస్ట్‌మ్యాన్ రుసుము రూ.70 కాస్తా ప్రూఫులో రూ.700 అయింది. అది నా కంట పడకపోయి ఉంటే నవంబరంతా పోస్ట్‌మ్యాన్లతో తగాదాలే. తర్వాత ఒక సభ్యుడి కోడలు, యూనికోడ్ తెలిసిన కొత్త సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో పేజీ కట్టడానికి ముందుకు వచ్చింది. భారతీయ లిపులకు తగిన కంపోజరును (అక్షరాలను పేర్చే అమరికను) ఎంచుకోకపోతే అందులో ఒత్తులు అక్షరం నుంచి విడిపోతాయని తెలుసుకోవడానికి మాకు ఒక రాత్రి పట్టింది. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లలోని 'మండలి'ని ఎంచుకొని, అక్షరం 14 పాయింట్లు, పంక్తుల మధ్య 20 పాయింట్లు పెట్టాము. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయే ఎడం మనకు సరిపోదు. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న కళ్లకైతే మరీను. అక్షరం పెద్దదైతే వ్యాసం చిన్నది కాక తప్పదు. నేను నోటితో చెప్పి ఒప్పించలేని పొదుపును రచయితల చేత ఆ 14 పాయింట్లే చేయించాయి.

నాకు తెలిసిన పని తపాలా ఒక్కటే కాబట్టి అక్కడ పొరపాటు జరగదనుకున్నాను. రిజిస్టరైన వార్తాపత్రికలకు 25 పైసలకే పంపే రాయితీ ఉంది కదా, మనమూ రిజిస్టరు చేయిద్దామని కార్యదర్శి అన్నప్పుడు, ఆ రాయితీకి పత్రిక 31 రోజులకు మించని వ్యవధిలో వెలువడాలనీ, నిజమైన చందాదారుల పట్టిక ఉండాలనీ, రెండు నెలలకోసారి వచ్చే మనకు అది వర్తించదనీ చెప్పగలిగాను. న్యాయవాదిగా ఉన్న సభ్యుడి సలహా మేరకు 'సభ్యుల అంతర్గత పంపిణీకి మాత్రమే' అని చివరి పేజీ అడుగున వేసి, అచ్చు కాగితాలకు తక్కువ రుసుముండే బుక్‌పోస్టులో పంపాము. బుక్‌పోస్టుకు అప్పట్లో 50 గ్రాముల వరకు రూ.4. 80 జీఎస్ఎం ఏ3 కాగితం ఒకటి సుమారు 10 గ్రాములు తూగుతుంది. ఈ లెక్క చెప్పి చిక్కులో పడ్డాను. నాలుగు రూపాయలకే పదహారు పేజీలు వెళ్తాయి కదా, నాలుగే ఎందుకు పంపడమని కార్యవర్గంలో ఒకరు వెంటనే పట్టుకున్నారు. బస్సులో చోటుందని అక్కర్లేని ప్రయాణం ఎవరు కడతారు, అన్నాను.

పొరపాటు మరోచోట జరిగింది. అప్పటి నియమం ప్రకారం బుక్‌పోస్టు కవరు అంచు అంటించకూడదు, లోపల చేతిరాత ఉత్తరం పెట్టకూడదు. చందా బాకీ ఉన్న కొందరికి కోశాధికారి, నాకు చెప్పకుండా, బాకీని గుర్తుచేస్తూ చేత్తో రాసిన చీటీలు కవర్లలో పెట్టారు. వాటిలో కొన్ని ఉత్తరాలుగా లెక్కకు వచ్చి, తక్కువైన రుసుముకు రెట్టింపు సభ్యుల దగ్గర వసూలైంది. చందా అడిగిన చీటీ మీద పైగా జరిమానా కట్టినవారు ఊరుకుంటారా? నేను తపాలాలో పనిచేశానన్న సంగతి ఆ వారమంతా నాకు గుర్తు చేయనివారు లేరు.

అంతకంటే బాధ కలిగించినది మరణ వార్త. మా సంఘంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఇద్దరు ఉన్నారు. ఒకరు రెవెన్యూలో, మరొకరు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. కాలం చేసింది ఒకరైతే మేము వేసింది మరొకరి వివరాలు. ఆ మాస్టారు నవ్వుతూనే ఫోన్ చేసి, "నాకు నివాళి బాగానే రాశారు గాని, నా విద్యార్థులు పూలదండలతో వచ్చేస్తున్నారు, ఏం చెప్పమంటారు?" అన్నారు. నిజంగా భర్తను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నప్పుడు మాత్రం అక్కడ ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి కుటుంబ సభ్యుల్లో ఒకరితో స్వయంగా మాట్లాడనిదే మరణ వార్త వేయలేదు. శాఖ, హోదా, వీధి పేరు లేకుండా ఎవరి పేరూ అచ్చు కాలేదు. కొత్త సభ్యుల ఫోన్ నంబర్లు, పుట్టినరోజులు వేసే అలవాటును కూడా మానేశాము. లైఫ్ సర్టిఫికెట్ నమోదు చేస్తామంటూ ఓటీపీ అడిగిన ఫోన్ ఒకటి మా సభ్యురాలికి వచ్చింది. ఆ నంబరు మా కాగితం నుంచే వెళ్లిందని చెప్పలేను గాని, కాదని చెప్పే ధైర్యమూ నాకు లేకపోయింది.

కవితల సంగతి చెప్పకపోతే సాటి సంపాదకులు నొచ్చుకుంటారు. పింఛను మీద సీసపద్యాలు, మనవరాలి మీద గేయాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఉగాది సంచికకు మాత్రమే, నాలుగు పాదాలకు మించకుండా అన్న నియమం పెట్టాను. సంచికకు రాయమని అడగడం మానేసి, సభ్యుల దగ్గరకు వెళ్లి వారి అనుభవాన్ని విని నేనే రాయడం మొదలుపెట్టాను. మెడికల్ బిల్లు తిరస్కరణకు గురై రెండోసారి పంపి సాధించుకున్న ఒక విశ్రాంత నర్సు చెప్పిన సంగతులు ఏ వ్యాసకర్తా రాయలేనంత ఉపయోగపడ్డాయి.

వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే చాలు, కాగితం ఎందుకన్న వాదన ప్రతి సమావేశంలోనూ వస్తుంది. చిన్న తెర మీద ఏ4 పేజీని వేళ్లతో పెద్దది చేసుకొని అటూ ఇటూ జరుపుకుంటూ చదవడం అరవై దాటినవారికి శిక్ష. మేము పీడీఎఫ్ పంపుతాము గాని, దానితో పాటు మొదటి పేజీని చదివి రికార్డు చేసిన ఆరు నిమిషాల ధ్వని సందేశం కూడా పంపుతాము; చూపు తగ్గినవారు దాన్ని మళ్లీ మళ్లీ వింటున్నారు. కాగితం మాత్రం క్యాలెండరు మేకుకు తగిలించుకోవడానికి వీలుగా పై అంచున రంధ్రం పెట్టి పంపుతున్నాము. ఇప్పుడు ఎవరి ఇంటికి వెళ్లినా నా చూపు ముందు వంటింటి అలమర మీదకు, ఆ తర్వాత క్యాలెండరు మీదకు వెళ్తుంది.

మూడో పేజీ గురించి చివర్లో చెబుతున్నాను గాని, ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడిన ఆ ఇల్లాలి కోసం మొదలైన పేజీ అది. పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు ఎక్కడ ఉంది, బ్యాంకు ఖాతా ఉమ్మడిగా ఉందా, పీపీవోలో భార్య పుట్టిన తేదీ సరిగా పడిందా, ఆధార్‌లో పేరు అదే విధంగా ఉందా అన్నవాటిని ఒక పట్టికగా వేసి, కత్తిరించి బీరువాలో పెట్టుకోమని రాశాము. అశుభమని కార్యవర్గంలో ఇద్దరు అభ్యంతరం చెప్పారు. ఆ పేజీకి 'ఇంట్లోవారి కోసం' అన్న పేరు పెట్టింది వారిని సమాధానపరచడానికే.

2025 జనవరిలో ఒకామె ఫోన్ చేశారు. ఆమె భర్త డిసెంబరులో కాలం చేశారు. "అన్నయ్యగారూ, ఆ పట్టిక నింపి బీరువాలో కవర్లో పెట్టారండీ ఆయన, నాకు చెప్పకుండానే. మరణ ధ్రువీకరణ పత్రం రాగానే దానితో పాటు ఆ కాగితాలన్నీ బ్యాంకులో ఇచ్చి వచ్చాను. ఉమ్మడి ఖాతా కాబట్టి కొత్త ఖాతా అక్కర్లేదన్నారు" అని చెప్పి, ఒక క్షణం ఆగి, "మీ పేపరు మీద చీటీ ఇంకా ఆయన పేరుతోనే వస్తోంది. నా పేరుతో పంపుతారా?" అని అడిగారు. ఆమె చీటీ ఆ రోజే మార్చాను. అందరి చీటీల మీదా భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని ఆ తర్వాతి సమావేశంలో నిర్ణయించి పట్టిక తీసి చూస్తే, సగానికి పైగా ఇళ్లలో భార్య పేరు మా రిజిస్టరులోనే లేదు. రోజుకు పది ఇళ్ల చొప్పున ఫోన్ చేసి అడిగి రాసుకుంటున్నాను.